ఇంట్లో పుట్టగొడుగుల గది: గాలికి ఏది పెట్టాలి, వాసనకు ఏం చేయాలి?

మా మేడ మీది గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు మొదలుపెట్టిన మూడో వారంలో పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి పిలిచి అడిగింది: "ఏందమ్మా, మీ ఇంట్ల ఎలుక గిట్ల సచ్చిందా?" ఎలుక కాదు. గడ్డి నానబెట్టిన నీళ్లను డ్రమ్ములో రెండు రోజులు అలాగే వదిలేశాను. అదే వారం గది లోపల ఇంకొకటి కనిపించింది. పుట్టగొడుగుల కాడలు వేలెడంత సాగాయి కానీ గొడుగులు మాత్రం చొక్కా గుండీలంతే ఉన్నాయి.

మొదటిది వాసన సమస్య, రెండోది గాలి సమస్య. రెండింటికీ ఒకటే మందు అనుకుని పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొని బిగించాను. వాసన తగ్గలేదు. పైగా ఫ్యాన్ ఎదురుగా ఉన్న బెడ్ల (తడి గడ్డి, పుట్టగొడుగు విత్తనం నింపి వేలాడదీసే కవర్ల) మీద మొగ్గలన్నీ రెండు రోజుల్లో గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయాయి. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో పాలమూరులోనో ఒక ఖాళీ గది పెట్టుకుని ఇదే పని మొదలుపెట్టబోతున్నవాళ్లు, ఆన్‌లైన్‌లో గ్రో టెంట్ (ఇంట్లో పంట పెంచుకోవడానికి అమ్మే మూసిన గుడ్డ డేరా) చూసి కొనాలా వద్దా అని ఆగినవాళ్లు ఆ డబ్బు మళ్లీ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

కొనే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది గాలి. పుట్టగొడుగు మొక్క కాదు. మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గడ్డంతా బూజు దారాలు అల్లుకుని బెడ్డు తెల్లబడే 15–20 రోజులు ఆ గాలి పేరుకున్నా దానికేమీ ఇబ్బంది లేదు, ఆ రోజుల్లో ఫ్యాన్ అక్కర్లేదు. మొగ్గ తొడిగినప్పటి నుంచి లెక్క మారుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 చుట్టూ ఉంటుంది. మొగ్గలున్న గదిలో అది 1000 దాటకూడదు. దాటితే కాడ సాగుతుంది, గొడుగు విప్పుకోదు. మీటరు లేకపోయినా పంటే చెబుతుంది.

బెడ్లు నిండుగా ఉన్న గదిలో గాలి గంటకు నాలుగు నుంచి ఆరు సార్లు మారితే చాలు. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిలో 1000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. ఆరు సార్లు మారాలంటే గంటకు 6000, అంటే నిమిషానికి 100 ఘనపుటడుగులు. ఫ్యాన్ డబ్బా మీద గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని రాసి ఉంటే, మీకు కావాల్సింది దాదాపు 170. ఇది చిన్న సంఖ్య. దుకాణంలో "గదికి పెద్దది తీస్కోండి" అంటే ఒప్పుకోకండి.

రెండోది తేమ. మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పుట్టగొడుగులకు 80–90 శాతం తేమ కావాలి. మనకు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో బయటి గాలిలో తేమ 20–30 శాతానికి పడిపోతుంది. గాలి మార్చిన ప్రతిసారీ మీరు కష్టపడి నింపిన తేమ బయటికి పోయి, పొడి గాలి లోపలికి వస్తుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లు చెప్పే ఫ్యాన్ లెక్క మనకు అందుకే కుదరదు. గాలి ఇచ్చే ఏ పద్ధతినైనా "ఇది తేమను ఎంత తింటుంది?" అని అడిగి చూడాలి.

మూడోది వేడి. చిప్ప పుట్టగొడుగులకు 20–30 డిగ్రీలు బాగుంటాయి. పాల పుట్టగొడుగులు 30–35 డిగ్రీల్లో కూడా వస్తాయి. మే నెల ఎండలో చిప్పను నిలబెట్టడానికి ఫ్యాన్ల మీద, మంచులా నీళ్లు చిమ్మే యంత్రాల మీద డబ్బు పెట్టేకన్నా, మార్చి నుంచి పాల పుట్టగొడుగులకు మారి, చిప్పను వానలు తగ్గాక సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఇది ఒక్కటి సరిగ్గా ఎంచుకుంటే సగం పరికరాలు అవసరం పడవు.

నాలుగోది, బయటికి పోయే గాలి ఎవరి మీదికి పోతుందనేది. అందులో వాసన ఒక్కటే ఉండదు, బీజాలు కూడా ఉంటాయి. బాగా విప్పుకున్న చిప్ప పుట్టగొడుగు తెల్లటి పొడిలా బీజాలు రాలుస్తుంది. మాస్కు లేకుండా రోజూ ఆ గాలి పీల్చితే కొందరికి దగ్గు, జ్వరం, ఆయాసంతో ఊపిరితిత్తుల అలర్జీ వస్తుంది. కాబట్టి ఫ్యాన్ మూతి హాల్లోకో పడకగదిలోకో పక్కింటి కిటికీలోకో తిరగకూడదు. గదిలోకి వెళ్లేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, ఇంటితో కలిసి ఉన్న గదిలో చిప్ప పుట్టగొడుగులు వేయకండి.

కిటికీలు, వల, తడి గోనె

ఎదురెదురు గోడలకు కిటికీలున్న గది దొరికితే మొదట ఇదే చేసి చూడండి. కిటికీలకు ఈగ దూరని సన్న కన్ను వల బిగించాలి. పుట్టగొడుగుల ఈగలు మామూలు దోమతెర కన్నుల్లోంచి దూరిపోతాయి. లోపలి వైపు గోనె సంచులు వేలాడదీసి రోజుకు మూడు నాలుగు సార్లు తడపాలి. పాలమూరు పల్లెల్లోని బండల ఇళ్లకు, మందపాటి మట్టి గోడల ఇళ్లకు ఇది బాగా కుదురుతుంది. ఆ గోడలు మధ్యాహ్నం వేడిని లోపలికి అంత త్వరగా రానివ్వవు.

ఇందులో లోపమేమిటంటే గాలి మన మాట వినదు. వానాకాలంలో గాలి ఆడని రోజున గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, వడగాలి రోజున తడి గోనె అరగంటలో ఆరిపోతుంది. ఇరవై, ముప్పై బెడ్ల వరకు నెట్టుకురావచ్చు. అంతకు మించితే కష్టం. వాసన విషయంలో మీ చేతిలో ఏమీ ఉండదు, గాలి ఎటు వీస్తే అటు పోతుంది.

గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్, టైమర్

వంటింటికి పెట్టే ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. అలాంటి ఫ్యాన్లు సాధారణంగా గంటకు 250 ఘనపు మీటర్ల చుట్టూ గాలి లాగుతాయి. 10 × 10 గదిలో ఉన్నది 28 ఘనపు మీటర్లే. పావుగంట ఆన్, పావుగంట ఆఫ్ పెడితే గంటకు నాలుగు సార్ల పైన గాలి మారుతుంది. అందుకే ఫ్యాన్‌కన్నా టైమర్ ముఖ్యం. నేను ముందు ఫ్యాన్ కొని, మొగ్గలు ఎండబెట్టుకుని, తర్వాత టైమర్ కొన్నాను.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఫ్యాన్ ఒక గోడకు ఉంటే, గాలి వచ్చే దారి ఎదుటి గోడకు ఉండాలి. రెండూ ఒకే వైపు ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మూలనున్న బెడ్లకు అందదు. గాలి వచ్చే దారికి వల, తడి గోనె రెండూ ఉండాలి. అలాగే ఈ రకం ఫ్యాన్‌కు ఎదురు నెట్టే బలం లేదు. దాని మూతికి పొడవాటి గొట్టమో వాసనను పట్టే కార్బన్ ఫిల్టరో తగిలిస్తే రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం దాదాపు కదలదు. ఈ తప్పు చాలామంది చేస్తున్నారు. ఫిల్టర్ పెట్టే ఉద్దేశం ఉంటే ఈ ఫ్యాన్ కొనకండి.

కూలర్ గాలిని లోపలికి తోయడం

మన ప్రాంతానికి అన్నిటికన్నా బాగా సరిపోయేది ఇదని నేను నమ్ముతాను. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

కూలర్‌ను గది బయట కిటికీకి ఆనించి పెట్టి, గాలి లోపలికి వచ్చేలా చుట్టూ సందులు మూసేస్తాం. కొత్త గాలి, చల్లదనం, తేమ మూడూ ఒకే యంత్రం నుంచి వస్తాయి. మిగతా పద్ధతుల్లో గాలి కోసం తేమను పోగొట్టుకుంటే, ఇందులో గాలితో పాటే తేమ వస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే కూలర్ అంత బాగా పనిచేస్తుంది కాబట్టి, నల్లగొండ ఎండ ఇక్కడ మనకు సాయమే చేస్తుంది. ఎదుటి గోడకు, కింది వైపు, అడుగు పొడవు అడుగు వెడల్పు రంధ్రం ఉండాలి. అది లేకపోతే గాలి లోపలికి తోసుకురాదు, గదంతా ఉక్కగా తయారవుతుంది.

కూలర్‌ను నేరుగా బెడ్ల మీదికి తిప్పకండి. మూతిని పైకప్పు వైపు తిప్పండి, లేదా ముందు ఒక గుడ్డ అడ్డం కట్టండి. చిన్న కూలర్ కూడా గదికి కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ గాలి ఇస్తుంది, కాబట్టి దీనికీ టైమర్ కావాలి.

ఇక నీళ్ల సంగతి. మన జిల్లాల్లో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఫ్లోరైడ్ గురించి నల్లగొండవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు పోస్తే ఒక్క ఎండాకాలంలోనే కూలర్ ప్యాడ్లకు తెల్లటి పొర కట్టి, గాలి దూరడం ఆగిపోతుంది. మంచులా సన్నటి నీటి తుంపర చిమ్మే చిన్న యంత్రాలతో అయితే ఆ ఉప్పు పొడి పుట్టగొడుగుల మీద కూడా పడుతుంది. భగీరథ నళ్లా నీళ్లు వాడుకోండి. వారానికి రెండుసార్లు తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడగండి. నిలవ ఉన్న కూలర్ నీళ్ల వాసనను పుట్టగొడుగుల వాసన అనుకుని వెతికినవాళ్లున్నారు.

జులై నుంచి సెప్టెంబరు దాకా బయటే తేమ ఎక్కువ కాబట్టి కూలర్ వల్ల చల్లదనం అంతగా రాదు. ఆ నెలల్లో పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌లా నడపండి. ఇంకో లోటు కూడా ఉంది. కూలర్ గాలిని లోపలికి తోస్తుంది కాబట్టి గదిలోని గాలి ఏ సందు దొరికితే ఆ సందులోంచి బయటికి వస్తుంది. దర్వాజ కింద సందుంటే వాసన, బీజాలు ఇంట్లోకే వస్తాయి. మేడ మీద విడిగా ఉన్న గదికి, పెరట్లోని షెడ్డుకు ఇది బాగుంటుంది కానీ ఇంటి మధ్య గదికి పనికిరాదు.

గ్రో టెంట్, ఇన్‌లైన్ ఫ్యాన్, కార్బన్ ఫిల్టర్

అద్దె ఇల్లు, గోడకు రంధ్రం కొట్టడానికి ఓనర్ ఒప్పుకోరు, ఉన్నది ఒక్క గది మూల. అలాంటివాళ్లకు టెంట్ పనికొస్తుంది. నాలుగడుగులు × నాలుగడుగులు × ఏడడుగుల టెంట్‌లో 112 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పది పన్నెండు బెడ్లు వేలాడదీయవచ్చు.

టెంట్ల గురించి చదివేదంతా దీపాల కింద మొక్కలు పెంచేవాళ్ల కోసం రాసిందని గుర్తుపెట్టుకోండి. వాళ్లకు దీపాల వేడి బయటికి పోవాలి, అందుకే టెంట్‌లోని గాలి ఒకటి నుంచి మూడు నిమిషాలకోసారి మారాలని చెబుతారు. పుట్టగొడుగులకు ఆ లెక్క పెడితే ఒక్క రోజులో మొగ్గలు ఎండుతాయి. మనకు గంటకు ఆరు సార్లే, అంటే నిమిషానికి 11 ఘనపుటడుగులు. నాలుగంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (గొట్టం మధ్యలో బిగించే ఫ్యాన్) నిమిషానికి 100 పైనే లాగుతుంది. స్పీడు తగ్గించే రెగ్యులేటర్, టైమర్ రెండూ ఉన్నదే కొనండి. ఆరంగుళాలది తీసుకోకండి. ఇన్‌లైన్ ఫ్యాన్‌కు ఎదురు నెట్టే బలం ఉంటుంది కాబట్టి గొట్టం, ఫిల్టర్ తగిలించినా గాలి కదులుతుంది. టెంట్‌లోని గాలి ఫ్యాన్ దారినే బయటికి పోతుంది, సందుల్లోంచి ఇంట్లోకి రాదు. వాసన, బీజాల వరకు చూస్తే ఇదే అన్నిటికన్నా మంచి కట్టడి.

కార్బన్ ఫిల్టర్ కొనే ముందు ఇది తెలుసుకోండి. అందులో ఉండే ఉత్తేజిత బొగ్గు తన సన్నని రంధ్రాల్లో వాసనను పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే ఆ రంధ్రాలను నీరే ఆక్రమిస్తుంది, వాసనకు చోటు తగ్గిపోతుంది. మన టెంట్‌లో తేమ 85 పైనే. మొక్కలవాళ్లు చేసినట్టు ఫిల్టర్‌ను టెంట్ లోపల పైన వేలాడదీస్తే ఏడాది, ఏడాదిన్నర రావాల్సింది చాలా ముందే పని మానేస్తుంది. దాన్ని టెంట్ బయట పెట్టండి. టెంట్ నుంచి వచ్చిన తడి గాలి కొంత పొడి గాలితో కలిశాక ఫిల్టర్‌లోకి వెళ్లేలా అమర్చుకోండి. దాని మీది తెల్ల గుడ్డను వారానికోసారి ఉతకండి. బీజాలు మొదట ఆ గుడ్డలోనే ఇరుక్కుంటాయి.

కొత్తిమీర, మైక్రోగ్రీన్స్, పూల మొక్కలు దీపాల కింద పెంచుకునేవాళ్లకు తేమ అంత ఉండదు కాబట్టి ఫిల్టర్‌ను లోపలే వేలాడదీసుకోవచ్చు. వాళ్లకు అసలు సమస్య వేడి.

ఏసీ గురించి చాలామంది అడుగుతారు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు, పైగా తేమను నీళ్లుగా మార్చి బయటికి పంపేస్తుంది. ఇంటి స్థాయిలో దీనికి పెట్టే కరెంటు బిల్లు పంటలో తిరిగి రాదు.

| | కిటికీ, గోనె | ఎగ్జాస్ట్, టైమర్ | కూలర్ | టెంట్, ఇన్‌లైన్, ఫిల్టర్ |
|---|---|---|---|---|
| గాలి మన చేతిలో ఉంటుందా? | లేదు | ఉంటుంది | ఉంటుంది | బాగా ఉంటుంది |
| తేమ | త్వరగా పోతుంది | పోతుంది | పెరుగుతుంది | పోతుంది, మంచు యంత్రం కావాలి |
| మే ఎండలో | కష్టం | కష్టం | మంచిది | గది చల్లగా ఉంటేనే |
| వానాకాలంలో | గాలి ఆడితే సరే | మంచిది | పంపు ఆపి నడపాలి | మంచిది |
| వాసన, బీజాలు | గాలివాటం | మూతి ఎటుంటే అటు | సందుల్లోంచి వస్తాయి | బాగా అదుపులో |
| మొదటి ఖర్చు | చాలా తక్కువ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| బెడ్లు | 30 లోపు | 60–80 | 60–80 | 10–12 |

వాసన ఎక్కడి నుంచి వస్తోంది?

ఆరోగ్యంగా ఉన్న బెడ్డుకు మట్టి వాసన, లేత పుట్టగొడుగు వాసన తప్ప వేరేది ఉండదు. అది గది దాటి బయటికి పెద్దగా రాదు. పక్కింటివాళ్లకు తెలిసేంత వాసన వచ్చిందంటే ఏదో తప్పు జరిగింది. అది కనిపెట్టకుండా ఫిల్టర్ బిగిస్తే, జబ్బును చెప్పే ముక్కును మూసుకున్నట్టే.

పుల్లటి, కుళ్లు వాసన వస్తే గడ్డిలో నీరు ఎక్కువైంది, బ్యాక్టీరియా చేరింది. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మించి రాకూడదు. ముక్క వాసన, దానితో పాటు పచ్చటి మచ్చలు కనిపిస్తే పచ్చ బూజు. ఆ బెడ్డును అక్కడే విప్పకుండా కవరు కట్టి బయటికి తీసుకుపోయి పూడ్చండి. సాగర్ ఎడమ కాలువ కింద గడ్డికి కొదవ లేదు కానీ, వానకు తడిసి ఆరిన గడ్డి కొనకండి. అది వచ్చేటప్పుడే ముక్క వాసనతో వస్తుంది.

కళ్లు మండించే ఘాటు వస్తే అది ఫార్మలిన్. గడ్డి శుద్ధికి కార్బెండజిమ్ అనే బూజు మందుతో పాటు ఫార్మలిన్ కలిపే పద్ధతి ఉంది. మనుషులుండే ఇంట్లో దాన్ని వాడకండి. గడ్డిని వేడి నీళ్లలో, 80 డిగ్రీల దగ్గర, గంటసేపు ఉంచి శుద్ధి చేసుకోవచ్చు.

పక్కింటి పెద్దమ్మకు వచ్చిన వాసన వీటన్నిటికన్నా సాధారణమైనది. గడ్డి నానిన గోధుమ రంగు నీళ్లను ఏ రోజువి ఆ రోజే చెట్లకు పోసేయాలి. మోరీలో వదిలితే రెండో రోజుకు వీధంతా తెలుస్తుంది. పంట అయిపోయిన బెడ్లను మేడ మీద మూలన పేర్చి ఉంచకండి, వారంలోపు ఎరువు గుంతలో వేసేయండి. ఇవి రెండూ పాటించాక మా గదికి ఫిల్టర్ అవసరమే రాలేదు.

బీజాలకు కూడా ఫిల్టర్‌కన్నా మంచి ఉపాయం కోత సమయం. గొడుగు అంచులు ఇంకా లోపలికి వంగి ఉన్నప్పుడే కోసేయండి. అంచు పైకి లేచిందంటే ఆలస్యమైనట్టు. అప్పుడు కోస్తే బరువు నాలుగు గ్రాములు ఎక్కువ వచ్చినా గది నిండా తెల్ల పొడి, పెట్టెలో పెట్టాక త్వరగా వాడిపోవడం.

ఓజోన్ యంత్రాలు వాసన పోగొడతాయని అమ్ముతారు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఇంట్లో పెట్టకండి. అగరుబత్తి, రూమ్ ఫ్రెష్‌నర్ వాసన మీద వాసన చేర్చడమే.

మీరు ఎవరు, మీకు ఏది?

కాలనీలో అద్దెకుండి, ఇంటి అవసరానికి, నాలుగిళ్లకు అమ్మేంత పండించాలనుకుంటే టెంట్ తీసుకోండి. మొదట ఫిల్టర్ లేకుండా నాలుగంగుళాల ఫ్యాన్, గొట్టం మాత్రమే కొని, గొట్టం చివరను మనుషులు లేని వైపు కిటికీలోంచి బయటికి పెట్టండి. ఒక పంట తీశాక కూడా వాసన గురించి మాట వస్తేనే ఫిల్టర్ కొనండి.

సొంత ఇల్లు, మేడ మీద విడి గది ఉంటే ఎగ్జాస్ట్, కూలర్ రెండూ పెట్టుకోండి. వానాకాలం, చలికాలం ఎగ్జాస్ట్, ఎండాకాలం పాల పుట్టగొడుగులకు కూలర్. స్లాబు మీద గడ్డి పరిచి తడిపితే లోపల వేడి తెలిసేంత తగ్గుతుంది. కూలర్ నడిచేటప్పుడు ఎగ్జాస్ట్ ఆపేసి, పైన చెప్పిన అడుగు రంధ్రాన్ని తెరిచి ఉంచండి, ఆరంగుళాల ఫ్యాన్ రంధ్రం ఒక్కటే చాలదు.

పల్లెలో బండల ఇల్లో పాత కొట్టమో ఉంటే కిటికీలు, వల, గోనెలతో ఇరవై బెడ్లు మొదలుపెట్టండి. కరెంటు పోయినా ఇది ఆగదు, టెన్షన్ ఉండదు. పెంచాలనుకున్నప్పుడు ఒక ఎగ్జాస్ట్ చేర్చుకుంటే సరిపోతుంది. నల్లగొండ వైపువాళ్లు కంపాసాగర్, నాగర్‌కర్నూల్ వైపువాళ్లు పాలెం, వనపర్తి వైపువాళ్లు మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలకు వెళ్లి గది కొలతలు చూపించి అడగవచ్చు.

ఏది బిగించినా బెడ్లు లోపలికి పెట్టకముందే ఒకసారి పరీక్షించండి. ఫ్యాన్ వేసి, తలుపు మూసి, బయట నిలబడి దర్వాజ సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోతే గదిలోని వాసన, బీజాలు ఇంట్లోకి రావు. పొగ మీ ముఖం మీదికి వస్తే ఆ సందుకు గుడ్డ బిగించి, గాలి వచ్చే దారి, పోయే దారి మళ్లీ సరిచూసుకోండి. తర్వాత అదే అగరుబత్తిని గది లోపల నాలుగు మూలలా పట్టుకుని చూడండి. పొగ నిలువుగా లేచి అక్కడే నిలిచిపోయిన మూలలో బెడ్లు వేలాడదీయకండి.